కొమ్మ గుర్తు: గొర్రెల మందల వెంట వార్తలు నడిపిన పని

నేను చేసిన పనికి మా ఊళ్ళో పేరు లేదు. ఎవరైనా అడిగితే "గొర్ల సంఘంలో చేస్తా" అని చెప్పి ఊరుకునేదాన్ని. ఈ మధ్యే దిగిపోయాను. నా జాగాలోకి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఫోను ఎట్లా తెరవాలో, ఏ బొమ్మ ఎప్పుడు నొక్కాలో వాళ్ళకు శిక్షణలో చెప్పారట. అది ఒక్క పూటలో వచ్చే విద్య. అసలు పని వేరే ఉంది. అది వాళ్ళకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది కూడా ఈ పనిలో పడ్డాకే, నలభై దాటాక. కాబట్టి తెలిసిన మాటల్లోనే చెబుతాను.

ఏం వినాలి?

మాది కేతేపల్లి దగ్గర ఊరు. ఎండలు ముదిరేసరికి మా గుట్టల మీద గడ్డి మాడిపోతుంది. అప్పుడు మందలు కృష్ణ దిక్కు దిగుతాయి. వానలు పడగానే తిరిగొస్తాయి. దారిలో కాపరికి కావలసినవి తక్కువే: నీళ్ళు, కోసిన పొలం, ఆ పొలంలో మందను రాత్రికి నిలపనిచ్చే రైతు. తప్పించుకోవలసింది మాత్రం ఒకటుంది, పారుడు రోగం. ఒక మందకు తగిలిందంటే, ఆ మంద తాగిన మడుగు దగ్గరికి వచ్చిన ఇంకో మందకూ అంటుకుంటుంది.

మా ఊరి బీరయ్య మామకు అట్లానే ఒకసారి మంద మొత్తం పోయింది. రోగం ఉన్న మంద పక్కనే తన మందను నీళ్ళకు వదిలాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత చాలా ఏళ్ళు పరాయి మందలు కాసి మళ్ళీ మెల్లగా సొంత మంద కూడబెట్టుకున్నాడు. సంఘం మాకు ఈ ఫోన్లు ఇచ్చింది ఇట్లాంటివాళ్ళ కోసమే. టవరు లేని లోయలో కూడా ఒక ఫోను దగ్గరికి ఇంకో ఫోను వస్తే చాలు, రెండూ వాటంతట అవే మాట్లాడుకుని వార్తలు మార్చుకుంటాయి. వార్త చెప్పినవాడి గొంతుతోనే వినిపిస్తుంది. ఎవరికి ఏ వార్త కావాలో ముందే ఫోనులో పెట్టాలి. అట్లా పెట్టినదాన్ని మేము కోరిక అనేవాళ్ళం. కోరికలు అడిగి పెట్టడమే నా పని.

మొదటి కోరిక బీరయ్య మామదే.

"మామా, గీ ఫోను నీకేం చెప్పాలె?"

"అన్నీ చెప్పాలె."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీ. సంఘపోళ్ళు ఇచ్చింది సగం సగం చెప్తదా ఏంది?"

సరేనని అన్నీ పెట్టాను. తెల్లారి ఫోనును రుమాలులో మూటగట్టి తెచ్చి నా ముందు పడేశాడు.

"కోడలా, గిది ఊకుంటలేదు. ఎక్కడ్నో మిర్యాలగూడ దిక్కు గడ్డి అమ్ముతాండ్రట. ఎవల్దో మేక ఈనిందట. పండుకున్న మంద బెదిరి కంపల పడ్డది. నువ్వే ఉంచుకో."

అన్నీ కావాలన్నవాళ్ళు మర్నాడు ఫోను ఆపేస్తారు. అందుకని నేను అడిగే తీరు మార్చాను. "ఏది తెలియకపోతే నీకు నష్టం?" అని అడగడం మొదలుపెట్టాను. ఆ ప్రశ్న వింటే మనిషి ముందు ఆలోచిస్తాడు. మామ చాలాసేపు చుట్ట కాల్చి చెప్పాడు.

"పారుడు ఎక్కడున్నదో చెప్పాలె. నీళ్ళు ఎక్కడున్నయో చెప్పాలె. ఇగ, నల్ల ఉన్ని పొట్టేలు ఎవల దగ్గరన్న ఉంటె గది చెప్పాలె."

మూడోది విని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా దిక్కున అందరూ బరువు తూగే ఎర్ర గొర్రెలకు మారిపోయారు. గొంగడికి ఉన్ని ఇచ్చే నల్ల గొర్రెలు మామ మందలోనే మిగిలాయి. వాటిలో పొట్టేలు ముసలిదైపోయింది.

"మామకు పొట్టేలుకు సంబంధం చూస్తాంది లింగమ్మ," అన్నాడొకడు.

"నీకు చూసినోళ్ళకన్న మంచిగనే చూస్తది తియ్," అన్నాడు మామ.

నేను నవ్వలేదు. నల్ల పొట్టేలుకు ఫోనులో బొమ్మ లేదు. అడిగి చేయించాను. ఎవరి కోరికైనా సరే, అది చిన్నదని మీరు తీర్పు చెప్పకండి. అది మీ పని కాదు.

కొమ్మ

బొమ్మ చేసింది రఘు. పాలమూరు దిక్కు నేత కుటుంబం పిల్లవాడు, నల్లగొండలో మా సంఘం కిరాయి ఆఫీసులో ఇంజనీరు. ఫోన్లు ఎట్లా మాట్లాడుకుంటాయో మందల దగ్గరికి వచ్చి వివరించాడు.

ఉత్తరం మీద పేరు, ఊరు ఉంటాయి. మా వార్త మీద ఏమీ ఉండవు. పంపినవాడికి ఎవరు వింటారో తెలియదు. విన్నవాడికి ఎవరు పంపారో తెలియదు. వార్తలో ఏముందో చూసి, అది కావాలన్నవాళ్ళ దిక్కు ఫోన్లే దాన్ని తోస్తాయి. మధ్యలో పెద్ద ఆఫీసు లేదు, అన్నీ తెలిసిన పెద్ద మిషను లేదు. ముందు కోరిక ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు నడుస్తుంది. నడిచిన దారంతా గుర్తు పెట్టుకుంటూ పోతుంది. తర్వాత వార్త ఆ గుర్తులు పట్టుకుని వెనక్కి నడిచి వస్తుంది. ఒక దిక్కు నుంచి కోరిక రాలేదంటే ఆ దిక్కుకు వార్త పోదు. ఊరికే అటూ ఇటూ తిరిగితే ఫోన్ల చార్జింగు అయిపోతుంది కదా.

రఘు ఇదంతా చెబుతుంటే కాపర్లు ఆవలిస్తున్నారు. బీరయ్య మామ అన్నాడు:

"గింతసేపు చెప్పవడ్తివి. కొమ్మ ఏసుడే గద."

మందలు వలస పోయేటప్పుడు దారి చీలిన చోట ముందు నడిచేవాడు ఒక పచ్చి కొమ్మ విరిచి, తాను పోయే దిక్కుకు కొన ఉండేట్టు పడేస్తాడు. వెనక వచ్చే మంద దాన్ని చూసి అటు తిరుగుతుంది. అందరికంటే చివర నడిచే మనిషి ఆ కొమ్మను తీసి పక్కకు విసిరేయాలి. లేకపోతే వేరే ఊరి మంద మోసపోతుంది.

రఘు ఆ మాట విని లేచి నిలబడ్డాడు. "గదే మామా, కరెక్టు గదే," అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరికి చెప్పినా కొమ్మ అనే చెప్పాము. అందరికీ అర్థమైంది.

పేరు

మా సంఘం పెద్దసారు మంచి మనిషి. ఎండలో మాతోపాటు తిరిగేవాడు. కానీ ఒక ఏడు ఆయన ఒక ఆర్డరు వేశాడు. ప్రతి వార్త ముందు పంపినవాడి పేరు వినపడాలని. అబద్ధపు వార్తలు ఆగుతాయని ఆయన లెక్క.

ఆ ఎండాకాలం పారుడు వార్త ఒక్కటీ రాలేదు. మీటింగులో సారు సంతోషపడ్డాడు. "ఈ ఏడు రోగమే లేదు," అన్నాడు. రోగం ఉంది. నేను కళ్ళతో చూశాను. ఎవరూ నోరు విప్పలేదు, అంతే. తన మందకు పారుడు తగిలిందని పేరుతో చెప్పుకుంటే ఏ రైతు పొలంలో నిలపనిస్తాడు? ఏ మంద పక్కకు రానిస్తుంది?

సారును ఒక మంద దగ్గరికి తీసుకుపోయాను. అక్కడ బీరయ్య మామ కొడుకు భార్య సువర్ణ జొన్నరొట్టెలు చేస్తోంది. మాటకు వెనకాడే మనిషి కాదు.

"సారూ, ఒకటి అడుగుతా, కోపం చెయ్యొద్దు. మీ ఇంట్ల గజ్జి లేస్తె మీ పేరు చెప్పి నల్లగొండ బస్టాండ్ల ఒర్లుతరా?"

సారు నవ్వాడు. ఆమె ఇచ్చిన రొట్టె తుంచుతూ అడిగాడు.

"మరి అబద్ధం చెప్తే ఎట్లమ్మా?"

"చెప్తరు సారూ. రైతు దగ్గర పోటీ మంద నిలవొద్దని చెప్తరు. నిజమే."

నల్లగొండకు తిరిగి రాగానే సారు ఆ ఆర్డరు తీసేయించాడు. దాని బదులు రోగం వార్తలకు ఇంకో షరతు పెట్టాడు. ఒక చోటు నుంచి ఒకరు చెబితే అది అనుమానం అని ఫోను చెబుతుంది. వేర్వేరు ఫోన్ల నుంచి ఇద్దరు చెబితేనే వార్త అంటుంది. ఆ ఆలోచన ఆయనదే. ఈ పనిలో వచ్చిన మంచి ఆలోచనల్లో అదొకటి. పైవాళ్ళు తప్పు చేస్తారు. తప్పు దిద్దుకునే పైవాడు దొరికితే ఆయనతో పోట్లాడటానికి భయపడకండి. దిద్దుకోనివాళ్ళను కూడా చూశాను. వాళ్ళతో పోట్లాడి లాభం లేదు. మందల దగ్గరికి పోయి మీ పని మీరు చేసుకోండి.

ఎండే కొమ్మలు

మందలు కదులుతూ ఉంటాయి కదా. కొత్త చోటికి పోయినప్పుడల్లా అక్కడి నుంచి కొత్తగా కోరిక నడుస్తుంది. పాత చోట వేసిన కొమ్మ అట్లనే ఉండిపోతుంది. కొన్నాళ్ళకు దారులన్నీ కొమ్మలతో నిండిపోయాయి. వార్తలు మంద లేని చోటికి పోతున్నాయి, మంద ఉన్న చోటికి ఆలస్యంగా వస్తున్నాయి.

కదిలేముందు పాత కొమ్మ తీసేయమని కాపర్లకు చెప్పాలి అన్నాను నేను. దారిలో తీస్తున్నారు కదా, ఫోనులోనూ తీస్తారు అనుకున్నాను. ఒక ఎండాకాలమంతా తిరిగి చెప్పాను. ఎవరూ తీయలేదు. దారిలో కొమ్మ కంటికి కనిపిస్తుంది, చేయి దానంతట అదే వంగి తీస్తుంది. ఫోనులోది కనిపించదు.

రఘు అన్నాడు, "అక్కా, తియ్యకపోతే ఏమాయె, ఎండనిద్దాం. నిజం కొమ్మ ఎండుతది గద."

"ఎండిన కొమ్మను ఎవడు నమ్ముతడు? ఆకు ముట్టి చూస్తం," అన్నాడు బీరయ్య మామ కూడా.

అట్లా మార్చాము. కొన్ని రోజులు ఫోను తెరవకపోతే కోరిక దానంతట అదే ఎండిపోతుంది. తెరిస్తే మళ్ళీ పచ్చబడుతుంది. ఒక్కసారిగా దారులు శుభ్రమయ్యాయి. అందరం సంతోషపడ్డాము. ఇందులో ఉన్న ప్రమాదం మాలో ఎవరికీ తోచలేదు, కొమ్మ సంగతి చెప్పిన మామకు కూడా.

లోయ

మరుసటి ఎండాకాలం నేను నందికొండకు పైన ఒక మంద దగ్గర ఉన్నాను. అన్నం పొద్దు కాకముందే అక్కడున్న ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఎవరో కాపరి గొంతు.

"వాగు మడుగు కాడ పారుడు తగిలింది. ముక్కులు కారుతాన్నయి, నోట్లె పుండ్లు లేసినయి. పిల్లలు నిలవడ్తలెవ్వు. ఇటు ఎవ్వలు రాకుండ్రి."

ఆ వెంటనే ఇంకో గొంతు, అదే చోటు నుంచి, అదే మాట. ఇద్దరు చెప్పారు కాబట్టి వార్తే. అందరూ మందలను పక్క దారికి మళ్ళించే పనిలో పడ్డారు. నేను నా ఫోను తెరిచి ఆ చుట్టుపక్కల నడుస్తున్న కోరికలు చూశాను. పేర్లు ఉండవు కదా, బొమ్మలే. నీళ్ళ బొమ్మలు చాలా ఉన్నాయి. రోగం బొమ్మలూ ఉన్నాయి. నల్ల పొట్టేలు బొమ్మ లేదు.

"బీరయ్య మామ ఎటు పోయిండు?" అని పక్కనున్న కాపరిని అడిగాను.

"మామ కాలు బెణికింది. కింద లోయల నీళ్ళ ఒడ్డుకు ఆగిండు. నయమైనంక ఎక్కొస్త అన్నడు."

"ఎక్కితే ఎటు ఎక్కుతడు?"

ఆ మనిషి మడుగు దిక్కు చూశాడు. లోయ నుంచి మంద పైకి రావడానికి ఉన్నది ఒకటే దారి. అది ఆ వాగు మడుగు పక్క నుంచే వస్తుంది. ఎక్కి వచ్చిన గొర్రెలు దప్పికతో ముందు ఆ నీళ్ళలోనే మూతి పెడతాయి.

మామ ఫోనుకు చేస్తే మోగలేదు. లోయలో టవరు లేదు. మిట్ట మీద సిగ్నలు దొరికిన చోట రఘుకు ఫోను చేశాను. "కోరిక ఎండిపోయింది అక్కా. వార్త అటు పోదు. నేనే ఎండబెట్టిన," అన్నాడు. "అందరం కలిసి చేసినం. అది తర్వాత మాట్లాడుకుందాం," అని పెట్టేశాను. ఆలోచించడానికి కూడా టైము లేదు. మామ కాలు ఈపాటికి నయమయ్యే ఉంటుంది.

కృష్ణ నీళ్ళు నిలిచిన ఆ లోయలో ఏ ఒడ్డున ఉన్నాడో ఎవరికీ తెలియదు. మడుగు దారిన దిగితే రోగం నా కాళ్ళ వెంటే దిగుతుంది, ఒడ్డు వెంబడి నడిచిపోయే దారి లేదు. పడవలే పోవాలి. ఆటో పట్టుకుని నందికొండ రేవుకు దిగాను. చేపలు పట్టే గౌరమ్మ వల సర్దుకుంటోంది. చాలామంది చేపలవాళ్ళలాగే ఆమె దగ్గర కూడా మా ఫోను ఉంది. గాలి లేస్తే, డ్యాం నీళ్ళు వదిలితే చెప్పాలన్నది ఆమె కోరిక. నేను పెట్టిందే.

"చెల్లె, నీ ఫోనుల ఇంకో కోరిక పెడ్త."

"ఏం కోరిక?"

"గొర్ల పారుడు."

గౌరమ్మ నా మొహం చూసింది. "గొర్ల రోగం నాకెందుకక్కా? చేపలకు పారుడొస్తదా ఏంది?"

చెప్పాను. లోయలో ఒక మంద ఉందని, ఏ ఒడ్డో తెలియదని. "నువ్వు కలిసిన ప్రతి పడవ ఫోనుల గీ గొర్రె రోగం బొమ్మ నొక్కియ్యి. ఎవలన్న ఒకలు ఆ ఒడ్డుకు పోతరు."

"నోటితోని చెప్తె సరిపోదా?"

"చెప్పు. కానీ మామ మొండోడు. చేపలోళ్ళు గొర్ల సంగతి చెప్తె నమ్మడు. ఫోనుల గా కాపరి గొంతుతోనే ఇనాలె."

గౌరమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. గొర్రె రోగం బొమ్మ నొక్కాను. కాసేపటికి వార్త ఆమె ఫోనులోకి వచ్చింది. ఆమె పడవ నీళ్ళలోకి పోయింది. ఆ తర్వాత నేను చేయగలిగింది ఏమీ లేదు. ఈ పనిలో అట్లాంటి గంటలుంటాయి. మధ్యలో మిషను లేదు కాబట్టి చూసుకోవడానికి ఏమీ ఉండదు. రేవు మెట్ల మీద కూర్చున్నాను. తిరిగొచ్చిన ప్రతి పడవనూ అడిగాను. ఎవరూ మందను చూడలేదు.

తెల్లారి మళ్ళీ రేవుకే పోయాను. ఎండ ఎక్కాక గౌరమ్మ పడవ ఒడ్డుకు వచ్చింది. దూరం నుంచే "ఏం తెలియదక్కా" అన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె మెట్లెక్కి నా పక్కకు వచ్చేసరికి నా ఫోను చిన్నగా మోగింది. వార్తేమో అనుకుని తెరిచాను. కాదు. కొత్త కోరిక ఒకటి వచ్చింది. పారుడు, నీళ్ళు, నల్ల పొట్టేలు.

మామ ఫోను తెరిచాడు, ఆయన కొమ్మ పచ్చబడింది. గౌరమ్మకు కూడా తెలియకుండా ఆమె ఫోనులోనే ప్రయాణం చేసి వచ్చింది. నేను ఆ మెట్ల మీదే ఏడ్చాను. "మీ మామనా?" అంటూ గౌరమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. చేపల వాసన.

తర్వాత సువర్ణ చెప్పింది. తెల్లారగానే బయల్దేరాలని మూటలు కట్టారట. గౌరమ్మకు ఎదురైన ఎవరి పడవో వల తీయడానికి ఆ ఒడ్డుకు వచ్చింది. పడవలోని ఫోను గొర్రెల సంగతి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. పడవాయన బిత్తరపోయాడు. మామ కుంటుకుంటూ నీళ్ళలోకి దిగి, "మళ్ళొక్కసారి చెప్పియ్యి," అని ఆ గొంతు విన్నాడు. విని మూటలు విప్పించి, తన ఫోను తెరిచాడు. రోగం తగ్గిందని వార్త వచ్చేదాకా లోయలోనే ఉన్నారు. ఒక్క గొర్రె పోలేదు.

మామను అడిగాను, ఫోను ఎందుకు తెరవలేదని.

"కదిలితె గద కొమ్మ ఎయ్యాలె? కూసున్నోడు కొమ్మ ఎందుకేస్తడు?" అన్నాడు.

ఆయన మాటలో తప్పు లేదు. మేమే కొమ్మ అని చెప్పాము. దారిలో కొమ్మ నడిచేవాళ్ళ కోసం. ఫోనులో కొమ్మ ఆగినవాళ్ళకు కూడా కావాలి. ఒక పోలిక బాగా కుదిరిందంటే అది ఎక్కడ కుదరదో కూడా వెతకండి. మీకు నేను ఇచ్చే సలహాల్లో ఇది ముఖ్యమైంది.

పరాయి కోరిక

ఆ తర్వాత రఘు రెండు మార్పులు చేశాడు. కోరిక ఎండబోయే ముందు ఫోను "ఇక్కడ్నే ఉన్నవా?" అని అడుగుతుంది. రెండోది నాకు బాగా ఇష్టం. ప్రతి ఫోను తన కోరికలతోపాటు తనకు అక్కరలేని కోరిక ఒకటి మోస్తుంది. కాపరి చేపలవాళ్ళ గాలి కోరిక మోస్తాడు. చేపలామె మందల రోగం కోరిక మోస్తుంది. కొంచెం చార్జింగు ఎక్కువ తింటుంది. మొదట్లో గొణిగారు. "మా ఫోనుల మందోళ్ళ లొల్లి ఏంది," అన్నవాళ్ళే ఇప్పుడు "మాకు ఎవల్ది ఇచ్చిన్రు?" అని అడిగి పెట్టించుకుంటున్నారు.

దిగిపోయినా నా ఫోను ఆపలేదు. నాకు మందా లేదు, పడవా లేదు. నేను మోస్తున్నది మామ నల్ల పొట్టేలు కోరిక. ఏళ్ళుగా మోస్తున్నాను. దానికి ఎప్పుడూ జవాబు రాలేదు.

మొన్న వానలు మొదలయ్యాక యాదగిరిగుట్ట నుంచి బస్సులో వస్తున్నాను. ఏదో స్టేజీ దగ్గర బస్సు ఆగింది. గొంగడి కప్పుకున్న ఒకాయన ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. ఇద్దరి ఫోన్లు ఎప్పుడు మాట్లాడుకున్నాయో నాకు తెలియదు. ఇంటికొచ్చి చూస్తే వార్త ఉంది. పాలమూరు దిక్కు గొంతు. "నల్ల ఉన్ని పొట్టేలు ఉన్నది. ఈడు మీదున్నది. పాలమూరు సంతకొస్తె కలుస్త. మంచిగ చూసుకునేటోళ్ళకే ఇస్త."

మామ మంద ఇంకా ఊరు చేరలేదు. నాలుగు రోజులకు ఒక పొద్దున సన్నటి వానలో మంద మా వాకిలి ముందు నుంచి పోతోంది. ముందు నడుస్తున్నది మామే. నేను అరుగు మీదికి వచ్చాను. ఫోను కొంగులో ఉంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

మామ నా ముందుకు వచ్చేసరికి ఆయన నడుముకున్న ఫోను మోగింది. ఆగిపోయాడు. వెనక మంద ఆగింది. వానలో తలవంచి మొత్తం విన్నాడు. మళ్ళొకసారి విన్నాడు.

"కోడలా, గిది ఎవలు పంపిన్రే?"

"పేరుండదు మామా," అన్నాను.

మామ రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి, "సువర్ణా, మందను ఇంటికి తోలు. నేను పాలమూరు పోతున్న," అన్నాడు.